బుజ్జీ, తీగలన్నీ ఒకేసారి ఊడదీయకు

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, తాతయ్య వాయించిన ఆ మనిషెత్తు తీగల వాయిద్యం, డబుల్ బేస్, బెంగళూరు తీసుకెళ్లిపోయావంట, వచ్చే నెల నుంచి శనివారాలు పియానో, డ్రమ్స్ వాయించే పిల్లలతో కలిసి స్టేజ్ ఎక్కుతున్నావంట. నాకైతే ఎంత సంతోషమేసిందో చెప్పలేను, ఇన్నేళ్లూ దుప్పటి కప్పుకుని మూలన నిలబడ్డ దాన్ని మన ఇంట్లో ఒక్కళ్లన్నా పట్టించుకున్నారు. కానీ ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట అంది చూడు, "ఆదివారం అదే కూర్చుని పాత తీగలన్నీ పీకేసి కొత్తవి వేసి, మోతని స్పీకర్‌కి పంపే పికప్ కూడా బిగించుకుంటుందంట బాబాయ్, యూట్యూబ్‌లో చూసిందంట" అని. ఇంక రాత్రంతా నిద్ర లేదు నాకు. ఈ ఉత్తరం ఆదివారం లోపల చదువు, బద్ధకించకు.

తెలిసినవి ముందు చెప్పేస్తా. మంచి మందం కవర్ కొనుక్కో. బేస్‌ని నేల మీద నిలబెట్టే ఎండ్‌పిన్ కింద రబ్బరు అరిగిపోయి ఉంటుంది, మార్చు. కార్లో ఎక్కించేటప్పుడు పక్కకి పడుకోబెట్టు, తీగల్ని మోసే చెక్క బ్రిడ్జి మీద బరువు పడకూడదు. బో, అదే కమాను, వాడాక తీగల మీద పడ్డ రోజిన్ పొడి, దానికి రాసే బంక పొడి, గుడ్డతో తుడువు. ఇవన్నీ మీ మాస్టారు చెప్పే ఉంటారు.

ఇప్పుడు అసలు విషయం. ఆ బేస్ పై పలక మీద, అన్నిటికంటే హెచ్చు స్వరం పలికే జి తీగ వైపు బ్రిడ్జి కాలి దగ్గర నుంచి కిందికి ఒక సన్నటి గీత ఉంటుంది, చిన్నప్పుడు నువ్వు దాని మీద వేలితో రాస్తూ రైలు పట్టా అనేదానివి, గుర్తుందా. అది పట్టా కాదమ్మా, అది మీ తాతయ్య జాగ్రత్త ఎక్కువై చేసిన పని.

డెబ్బైల చివర్లో సంగతి. విజయవాడలో మే నెలలో సినిమా పాటల మ్యూజికల్ నైట్. అప్పుడు నేను ఇంకా వయొలిన్ల వెనక వరసలోనే ఉన్నా, బేస్ అన్నయ్యది. మద్రాసు సెంట్రల్ నుంచి రైల్లో వెళ్లాలి, ఆ సైజు వాయిద్యం బోగీలోకి రాదు, సామాన్లు వేసే బ్రేక్ వ్యాన్‌లో బుక్ చెయ్యాల్సిందే. ఎండకి చెక్క ఎండిపోతుంది, తీగలు బిగుసుకుని ఉంటే మెడ విరుగుతుంది అని అన్నయ్యకి భయం పట్టుకుంది, ముందు రోజు సాయంత్రం కూర్చుని నాలుగు తీగలూ పూర్తిగా విప్పేశాడు, బ్రిడ్జి తీసి తువ్వాల్లో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు, పసిపిల్లకి ఉయ్యాల సర్దినట్టు దుప్పట్లు వేసి కవర్ తొడిగాడు. ఎవరు చూసినా ఎంత జాగ్రత్త మనిషో అనుకుంటారు.

బేస్ పొట్టలో, జి తీగ వైపు బ్రిడ్జి కాలికి కాస్త వెనకగా, ఒక కర్ర నిలబడి ఉంటుంది, సౌండ్ పోస్ట్ అంటారు. దానికి జిగురు లేదు మేకు లేదు. తీగలు బ్రిడ్జిని కిందికి తొక్కుతుంటే పై పలకకీ వెనక పలకకీ మధ్య ఇరుక్కుని నిలబడుతుంది, అంతే. నాలుగు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు మొత్తం లాగుడు వంద కిలోలు దాటుతుంది, బ్రిడ్జి దాన్ని కిందికి నొక్కుతుంటే ఆ వైపు కాసేది ఆ కర్రే. రెండో వైపు బేస్ బార్ అని లోపల అంటించిన బద్ద ఉంటుంది, దాంతో భయం లేదు. తీగలన్నీ ఒకేసారి వదులు చేస్తే ఈ కర్రకి పట్టు పోతుంది, చిన్న కుదుపుకి పడిపోతుంది. బ్రేక్ వ్యాన్‌లో కుదుపులకి కొదవా.

విజయవాడ ప్లాట్‌ఫాం మీద దించుతుంటే లోపల టకటకమని ఏదో దొర్లింది. నేను విన్నా, అన్నయ్యా విన్నాడు. "రోజిన్ ముక్క పడుంటుంది లేరా" అన్నాడు. రైలు లేటు, ఆరింటికి ప్రోగ్రాం, అప్పటికే నాలుగున్నర. హాల్లో ఫ్యాను కింద కూర్చుని కంటి అంచనాతో బ్రిడ్జి నిలబెట్టి నాలుగు తీగలూ ఎక్కించి శ్రుతి చేసేశాడు. మోత మొద్దుగా ఉంది, ఎండకి అలా ఉందనుకున్నాం. మైక్ ఆయన వాల్యూమ్ పెంచుకుంటూ పోయాడు. ఇంటర్వెల్ అయ్యేసరికి తీగలు, వేళ్లతో నొక్కే పట్టీ ఫింగర్‌బోర్డుకి దగ్గరగా వచ్చేశాయి, అంటే బ్రిడ్జి కిందికి దిగుతోంది, అంటే పలకే కుంగుతోంది! అది అర్థం కాక అన్నయ్య శ్రుతి దిగిందని ఇంకా బిగించాడు. చివరి పాటలో పటుక్కుమంది. డ్రమ్స్ మోతలో జనానికి వినపడలేదు, పక్కనున్న నాకు వినపడింది. అన్నయ్య ఆపలేదు, పాట అయ్యేదాకా మిగతా మూడు తీగల మీదే లాగించాడు, జి ముట్టుకోలేదు.

మద్రాసులో పై పలక మొత్తం విప్పి లోపల చెక్క అతుకు వేసి మళ్లీ అంటించడానికి నెలలు పట్టింది. ఆ నెలలన్నీ అద్దె బేస్‌తో రికార్డింగులకి వెళ్లాడు, కొన్ని చేజారిపోయాయి కూడా. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాం, సర్వేయర్ వచ్చి చూసి ఇది యాక్సిడెంట్ కాదు, తీగలు తప్పుగా బిగించడం వల్ల జరిగిన నష్టం, మా పాలసీలో రాదు అని రాసేశాడు. రాసింది తప్పని కూడా అనలేం. చివరికి మీ అమ్మమ్మ చీటీ పాట పాడి డబ్బు తెచ్చింది. మీ తాతయ్య ఆ తర్వాత చచ్చేదాకా తీగ మార్చాలంటే ముందు టార్చి లైటు అడిగేవాడు.

అందుకని బుజ్జీ, ఒక్కొక్క తీగే. ఒకటి తియ్యి, కొత్తది వెయ్యి, శ్రుతికి తీసుకురా, అప్పుడు రెండోది. మొదలుపెట్టే ముందు ఫోన్ టార్చి వేసి, పై పలక మీద ఎఫ్ ఆకారంలో ఉండే కన్నం, ఎఫ్-హోల్‌లోంచి సౌండ్ పోస్ట్ ఫోటో తీసుకో, అయిపోయాక ఇంకోటి తీసి పక్కపక్కన పెట్టి చూడు. తీగల కింది కొసలు పట్టుకునే టెయిల్‌పీస్ కింద మందం తువ్వాలు పెట్టు. మెడ పైకొసన తీగలు కూర్చునే నట్ గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దితే తీగ జారుతుంది, పట్టి లాగదు. బిగించే కొద్దీ బ్రిడ్జి నెత్తి మెడ వైపు ఒరుగుతుంది, ప్రతి తీగకీ ఆగి రెండు చేతులతో మెల్లగా సరిచెయ్యి, టెయిల్‌పీస్ వైపు ముఖం పలకకి నిటారుగా ఉండాలి. పొరపాటున కర్ర పడిందా, నాలుగు తీగలూ వదులు చేసి, బేస్ పడుకోబెట్టి, ఏమీ ముట్టుకోకుండా రిపేరు ఆయన దగ్గరికి వెళ్లిపో. అంచుల్లో ఎక్కడన్నా అతుకు విడిపోతే కంగారు పడకు, అక్కడ వాడేది జంతువుల చర్మం ఎముకల జిగురు, చెక్క పగలకుండా తనే ముందు విడిపోవాలని కావాలనే అలా వాడతారు. దానికి ఫెవికాల్ పూశావని తెలిసిందో, బెంగళూరు వచ్చి మరీ తంతాను.

ఏ తీగలు అంటావా. ఇప్పుడున్నవి నేను వేసిన స్పైరోకోర్, వియన్నా థామస్టిక్ వాళ్లవి. వేళ్లతో మీటితే మోత చాలాసేపు నిలబడుతుంది, జాజ్ వాళ్లు అందుకే వాటిని వదలరు, బో పెడితే మాత్రం గరగరమని మొండికేస్తాయి. నువ్వు బో కూడా బాగా వాడేదానివైతే పిరాస్ట్రో ఆబ్లిగాటో గానీ డడారియో హెలికోర్ హైబ్రిడ్ గానీ చూడు. ఏది కొన్నా తక్కువ బిగువుది కొను, స్పైరోకోర్‌లో వైఖ్ అని రాసుంటుంది చూడు అది. అతుకున్న పలక అది, దాని మీద గట్టి తీగలు వద్దు. పేగు తీగలు అందంగా పలుకుతాయి గానీ ఏసీ హాల్లోంచి వానలోకి వస్తే శ్రుతి నిలవదు, పెట్టుకోకు. పాతవి పారేయకు, చుట్టి కవర్ జేబులో పెట్టుకో, స్టేజ్ మీద తెగితే అక్కరకొస్తాయి.

పికప్ సంగతి. బ్రిడ్జి కాలి కింద పెట్టే రియలిస్ట్ లాంటిది, బ్రిడ్జి కాలిలో ఎత్తు సర్దే చక్రం బదులు బిగించే ఫిష్‌మన్ ఫుల్ సర్కిల్ లాంటిది, రెండూ మంచివే, కానీ రెండింటికీ తీగలు వదులు చేసి బ్రిడ్జి కదపాలి, అది నువ్వు చెయ్యొద్దు, రిపేరు ఆయన చేతే చేయించు. ఆదివారమే కావాలంటే బ్రిడ్జి రెక్కల సందులో దూర్చేవి ఉంటాయి, అండర్‌వుడ్, కె అండ్ కె లాంటివి, వాటికి తీగలు ముట్టుకోనక్కర్లేదు. ప్రస్తుతానికి అది చాలు.

పికప్ కొనేసి ఊరుకోవడం కాదు, వెనక ప్రీయాంప్, అంటే యాంప్‌కి వెళ్లే ముందు పికప్ సిగ్నల్‌ని సర్దే పెట్టె, ఉండాలి. చాలామంది పిల్లలు పికప్ తీసుకెళ్లి మిక్సర్‌కి కలిపే డీఐ బాక్స్ ఏది దొరికితే దాంట్లో గుచ్చేసి, ముక్కుతో పాడినట్టు వస్తోంది తాతయ్యా అంటారు. ఈ పికప్‌లు పియెజోలు, అదురుని కరెంటుగా మారుస్తాయి. పియెజో అంటే కరెంటు దృష్టిలో ఒక కెపాసిటర్, అవతల ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే కరెంటుకి అది ఇచ్చే అడ్డు, తక్కువైతే రెండూ కలిసి కింది స్వరాలని కోసేస్తాయి. పికప్ ఒక నానోఫారడ్ అనుకో, ఇన్‌పుట్ 1 మెగా ఓమ్ అయితే 160 హెర్ట్జ్ దగ్గర నుంచే కోత మొదలు, 10 మెగా ఓమ్ అయితే 16 దగ్గర. నీ ఖాళీ ఈ (E) తీగ, అన్నిటికంటే కిందిది, 41 హెర్ట్జ్, ఖాళీ జి కూడా 98 మాత్రమే. ఇంక లెక్క నువ్వే చూసుకో, ఇంజనీరింగ్ చదివావుగా! 10 మెగా ఓమ్ ఇన్‌పుట్, సిగ్నల్‌ని తిరగేసే ఫేజ్ బటన్, మరీ కింది మోతని కోసే హై-పాస్ ఫిల్టర్, ఈ మూడూ ఉన్న ప్రీయాంప్ తీసుకో.

మా రోజుల్లో ఇవేవీ లేవు, చిన్న మైక్‌కి స్పాంజి చుట్టి బ్రిడ్జి కాళ్ల మధ్య దూర్చేవాళ్లం, సొంపుగా వినపడేది, డ్రమ్స్ మొదలవగానే బూం అని కూత పెట్టేది. అమెరికాలో 1940ల్లోనే ఎవరెట్ హల్ అనే బేస్ ఆయన ఎండ్‌పిన్ మీద మైక్ బిగించి బేస్ పొట్టలోకి దూర్చాడు, ఆంపెగ్ కంపెనీ అక్కడ మొదలైందే. అన్నయ్యకి ఆ సంగతి ఎవరో చెబితే, నా బేస్ కడుపులో ఇనుము పెట్టనివ్వను అన్నాడు. పాతకాలం మనిషి.

చెక్కిన పలక బేస్ ప్లైవుడ్ దానికంటే తొందరగా ఫీడ్‌బ్యాక్ ఇస్తుంది, అంటే యాంప్ మోత తిరిగి బేస్‌లోకే వచ్చి కూత పెడుతుంది. యాంప్ నీ వెనక నేరుగా పెట్టుకోకు, పక్కకి జరుపు. కూత మొదలైతే వాల్యూమ్ తగ్గించే ముందు ఫేజ్ బటన్ నొక్కి చూడు. హై-పాస్ 40, 50 హెర్ట్జ్ దగ్గర పెట్టు. ఎఫ్-హోల్స్‌లో స్పాంజి ముక్కలు పెట్టినా తగ్గుతుంది, కానీ వాటిని లోపలికి తోసేయకు, తియ్యడం నరకం. చిన్న స్పీకర్‌లో బేస్ నాబ్ ఎంత తిప్పినా 41 హెర్ట్జ్ రాదు, బురద వస్తుంది. మధ్య స్వరాలు కాస్త పెంచితే జనానికి వినపడతావు.

ఇన్సూరెన్స్ స్టేజ్ ఎక్కక ముందే చెయ్యాలి, మొదటి డబ్బులు వచ్చాక చూద్దాంలే అనకు. ఇంటి పాలసీలో ఉందిలే అని ఊరుకోకు, డబ్బు తీసుకుని వాయిస్తే చాలా ఇంటి పాలసీల్లో అది వర్తించదు. ఆల్ రిస్క్ పాలసీ అడుగు, అంటే మినహాయించినవి తప్ప మిగతా నష్టాలన్నిటికీ వర్తించేది. వాయిద్యం విలువ ఎవరన్నా తెలిసినాయన చేత రాయించి, ఫోటోలు, ఆ పాత గీతతో సహా, ఇవ్వు, దాస్తే రేపు అదే సాకవుతుంది. విలువ తక్కువ చూపించి ప్రీమియం మిగిల్చుకుందామనుకోకు. నాలుగు లక్షల బేస్‌కి రెండు లక్షలే చూపిస్తే, లక్ష నష్టం జరిగినప్పుడు యాభై వేలే చేతిలో పెడతారు, సగానికే చేశావు కాబట్టి సగమే. ఇంకా రాతపూర్వకంగా అడగాల్సినవి ఉన్నాయి. ప్రయాణంలో విరిగితే వస్తుందా, కార్లో వదిలేసి వెళ్తే పోయినదానికి ఇస్తారా, రిపేరు తర్వాత విలువ పడిపోతే దానికి ఇస్తారా. చెదలు, ఎలుకలు, ఉక్కకి చెక్క వంగడం, అరుగుదల, ఇవి మామూలుగా ఎవ్వరూ ఇవ్వరు, ఆశ పెట్టుకోకు. మన చేతి తప్పులకీ ఇవ్వరని పైన చెప్పాను కదా. ఏదన్నా జరిగితే వెంటనే కబురు చెయ్యి, సర్వేయర్ చూసేదాకా రిపేరు మొదలుపెట్టొద్దు, దొంగతనమైతే ఎఫ్ఐఆర్ కావాలి.

కార్లో మాత్రం వదలకు. టీ తాగి వస్తాం అని కూడా వద్దు. మూసిన కార్లో ఎండకి ఆ జిగురు మెత్తబడిపోతుంది, దొంగల సంగతి తర్వాత. రాత్రి ప్రోగ్రాం అయ్యాక పదకొండింటికి అంత పెద్ద పెట్టె పెట్టుకుని ఒక్కదానివే క్యాబ్ కోసం రోడ్డు మీద నిలబడతావేమో అని కూడా భయం నాకు, ఆ డ్రమ్స్ అబ్బాయినో ఎవరినో ఇంటిదాకా దింపమను. మొహమాటపడకు. ఏదన్నా తిని వెళ్లు, ఖాళీ కడుపుతో మూడు గంటలు నిలబడి ఆ తీగలు నొక్కితే కళ్లు తిరుగుతాయి, మీ తాతయ్య జేబులో ఎప్పుడూ వేయించిన శనగలు ఉండేవి.

పాలసీ కాగితం మీద సంతకం పెట్టే ముందు నాకు వాట్సాప్ చెయ్యి, చిన్న అక్షరాలు భూతద్దం పెట్టుకుని నేను చదువుతా, నాకేం పని. మొదటి ప్రోగ్రాం రికార్డింగ్ కూడా పంపు, ఎవరి ఫోన్‌తోనో తీసింది పంపకు, దాంట్లో పియానో అబ్బాయి వినపడతాడు గానీ నువ్వు వినపడవు. మిక్సర్ నుంచి తీయించు, ఇక్కడ హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటా.

మీ
చిన్న తాతయ్య