సీఆర్‌పీ ఎక్కువ వచ్చిందా? పసుపు మాత్రల కంటే ముందు మీ రాత్రుల సంగతి చూసుకోండి

ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌ఎస్-సీఆర్‌పీ అనే రక్తపరీక్షలో 4.6 వచ్చిందని, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) ఉందన్నారని, గోధుమలు, పాలు, టమాటా మానేసి పసుపు మాత్రలు వేసుకోమని స్నేహితులు చెబుతున్నారని రాశారు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నానని, రాత్రిళ్లు అమెరికా వాళ్లతో కాల్స్ ఉంటాయని కూడా రాశారు. నా ఉద్దేశంలో అసలు విషయం ఆ చివరి ముక్కలోనే ఉంది.

నేను డాక్టర్‌ని కాదు. మారతహళ్లిలో ఉంటూ మీలాంటి ఉద్యోగమే చేస్తున్న మదనపల్లె మనిషిని. ఇదే టెస్టులో నాకూ 3 దాటింది. మా అమ్మకేమో కీళ్లవాతం. అందుకే దీని గురించి ఇంత పట్టింపు.

ముందు ఆ అంకె గురించి. సీఆర్‌పీ అంటే రక్తంలో ఉండే ఒక ప్రోటీన్, దాన్ని తయారుచేసేది లివర్. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా ఇది పెరుగుతుంది, ఎక్కడుందో మాత్రం చెప్పదు. గుండె జబ్బు రిస్కు లెక్కలో 1 లోపు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే సాధారణంగా ఏదో ఇన్‌ఫెక్షన్ అని అనుమానిస్తారు. జలుబు చేసినా, చిగుళ్లు వాచినా పెరుగుతుంది కాబట్టి ఒంట్లో బాగున్నప్పుడు, రెండు వారాలు ఆగి మళ్లీ చేయించండి. ఒక్క రిపోర్టు చూసి టెన్షన్ పడొద్దు.

నా రిపోర్టు చూసిన డాక్టర్ ఏం తింటున్నావని అడగలేదు. టేపు తీసి నడుము కొలిచారు. తర్వాత అడిగినవి రెండే: రాత్రి ఎన్నింటికి తింటావు, ఎన్నింటికి పడుకుంటావు? మన దేశంలో మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలట. బరువు మామూలుగానే కనిపించినా పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే ఉండదు. ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచే రసాయనాలను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది, వాటికి స్పందించే లివర్ సీఆర్‌పీ తయారుచేస్తుంది.

మన రాత్రులు ఎలా గడుస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కాల్ అయ్యేసరికి పదకొండు. అప్పుడు యాప్‌లో బిర్యానీ. తిన్నాక ఫోన్ పట్టుకుంటే ఒంటి గంట. పొద్దున రింగ్ రోడ్డు ట్రాఫిక్ భయంతో మళ్లీ త్వరగా లేవడం. నిద్ర చాలకపోతే సీఆర్‌పీ లాంటివి పెరుగుతాయని పరిశోధనల్లో చూశారు. పైగా పగలు తిన్న అన్నమే రాత్రి పొద్దుపోయాక తింటే షుగర్ ఇంకా ఎక్కువ పెరుగుతుంది. ఇంత జరుగుతుంటే టమాటా మానేసి ఏం లాభం చెప్పండి?

నేను భోజనాన్ని కాల్‌కు ముందుకి జరిపాను. ఏడున్నరకల్లా తినేస్తాను, కాల్ తర్వాత ఆకలేస్తే పల్చటి మజ్జిగ. నేను వింటే చాలనుకున్న మీటింగులను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నడుస్తూ వింటాను. తిన్న వెంటనే పది పదిహేను నిమిషాలు నడిచినా షుగర్ అంతగా ఎగబాకదు. అన్నిటికంటే కష్టమైంది పన్నెండు లోపు పడుకోవడం. ఫోన్ హాల్లో చార్జింగ్‌కి పెట్టి బెడ్‌రూమ్‌లోకి వెళ్లడం మొదలుపెట్టాకే అది కుదిరింది.

ఇక తిండి. ఏం మానేయాలి అనే దానికంటే పళ్లెంలో ఏం తక్కువైందో చూసుకోవడం మేలు. పీచు పదార్థాన్ని పేగుల్లోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ లాంటివి తయారుచేస్తుంది, ఇన్‌ఫ్లమేషన్‌ను అదుపులో ఉంచడానికి అవి తోడ్పడతాయి. పీజీ భోజనంలో, హోటల్ మీల్స్‌లో తెల్లన్నమే కొండంత, కూర చెంచాడు. మనవైపు తిండిలో ఈ లోటు లేదు. రాగి సంకటి ఇక్కడ ముద్దె పేరుతో దొరుకుతూనే ఉంది, ఉలవలు ఉన్నాయి, ఆకుకూరలకు కొదవ లేదు. డిసెంబరు, జనవరిలో బెంగళూరంతా అవరెకాయి, అంటే మన అనపకాయ, గుట్టలే. అనపగింజలు రాత్రి నానబెట్టి పొద్దున ఒక్కొక్కటి వేళ్ల మధ్య పితికితే పప్పు టక్కున జారి బయటికొస్తుంది. ఆ పితికిపప్పు కూర, సంకటి కలిస్తే ఏ డైట్ చార్టూ అక్కర్లేదు. చేపలు తినేవాళ్లైతే ఇక్కడ బంగుడె (మాకెరెల్), బూతాయి (సార్డిన్) అని అమ్మేవి కొనండి, ఒమేగా-3 అనే మంచి కొవ్వు బాగా ఉండే చౌక చేపలవి. వేపుడు కంటే పులుసు మంచిది.

తగ్గించాల్సింది నాలుగ్గంటల బేకరీ పఫ్, చక్కెర కాఫీలు, కూల్‌డ్రింకులు. నూనెలు, కొవ్వుల్లో గుండెకు చేటుచేసే ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదని 2022 నుంచి నిబంధన ఉంది, మంచిదే. కానీ పఫ్‌లో మైదా, కొవ్వు అలాగే ఉన్నాయి కదా. సీలియాక్ జబ్బు (గోధుమల్లోని గ్లూటెన్ పడకపోవడం), పాలు పడకపోవడం లాంటివి లేకపోతే గోధుమలు, పాలు మానే పనిలేదు.

మా అమ్మ సంగతి వేరు. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు, పాల ప్యాకెట్ చివర కత్తిరించడానికి కత్తెర కూడా పట్టుకోలేకపోయేది. గంట దాటితే గానీ ఆ బిగుతు సడలేది కాదు. ఊళ్లో అందరూ చెప్పారని వంకాయ, టమాటా మానేసింది. వాపు మాత్రం తగ్గలేదు. ఇక్కడ రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టర్) రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేల్చి మెథోట్రెక్సేట్ అనే మందు ఇచ్చారు. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రమాదం. ఫలితం కనబడటానికి నెలన్నర, రెండు నెలలు పట్టింది. ఇప్పుడు గుత్తివంకాయ తనే వండుకుని తింటోంది. మీక్కూడా పొద్దున కీళ్లు అరగంటకు పైగా బిగుసుకుపోతుంటే తిండి ప్రయోగాలు పక్కనపెట్టి వెంటనే చూపించుకోండి.

పసుపు మాత్రల విషయం. పసుపులో అసలు పనిచేస్తుందనే కర్క్యుమిన్ సుమారు 3 శాతమే, అదీ ఒంటికి సరిగా పట్టదు. మిరియాల్లోని పిపరిన్‌తో కలిపి ఇస్తే మనుషుల్లో 20 రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరుతుందని 1998లో మన కోరమంగల సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులే చూపించారు. అందుకే ఇప్పుడు చాలా మాత్రల్లో రెండూ కలిపి అమ్ముతున్నారు. అయితే అలాంటి మాత్రలతో కొందరికి లివర్ దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కూరలో పసుపు నిక్షేపంగా వేసుకోండి. మాత్రలు మాత్రం మీ డాక్టర్‌ని అడగకుండా వద్దు, ముఖ్యంగా ఫ్యాటీ లివర్ ఉన్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా.

ఏడాది తర్వాత నా సీఆర్‌పీ 2 లోపుకొచ్చింది. నడుమూ తగ్గింది. మీ నడుము కొలత, మూడు నెలల షుగర్ సగటు, పడుకునే వేళ కింద రాయండి. మీ షిఫ్టుకు భోజనం ఎప్పుడు కుదురుతుందో కలిసి చూద్దాం.