ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క మాట

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి చివర ఒకటే ప్రశ్న. "మెకానిక్ ఫార్మాట్ కొట్టాలంటున్నాడు, కొట్టించమంటారా?" అని. విజయవాడలో ఆఫీసుల చుట్టూ తిరిగి కంప్యూటర్లు చూసేవాడిగా నా జవాబు కూడా ఒకటే: ఎందుకు పాడైందో తెలిసేదాకా వద్దు. ఫార్మాట్ అంటే డిస్కులో ఉన్నది తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కించడమే. ట్యాలీ లెక్కల డేటా, పాత బిల్లులు, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు ఒకసారి పోయాయంటే వాటిని మళ్లీ పోగుచేసుకోవాల్సింది ఆఫీసులో కూర్చుని పనిచేసే మీరే. అందుకే ముందు అసలు సంగతి పట్టుకుందాం.

ప్ర: మాది మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టు. సీజన్ వస్తే చాలు, కంప్యూటర్ అరగంటో ముప్పావుగంటో నడిచి టక్కున ఆగిపోతోంది. కాసేపాగి ఆన్ చేస్తే వస్తుంది, మళ్లీ అదే వరస. వైరస్ అని ఒకసారి ఫార్మాట్ కూడా కొట్టారు. రెండు రోజులకే మళ్లీ మొదలైంది. ఇప్పుడు మదర్‌బోర్డు పోయిందంటున్నారు.
– గుమాస్తా, గుంటూరు

జ: కాసేపు నడిచి ఆగడం, చల్లారాక మళ్లీ రావడం చూస్తే నాకు ముందు వేడి మీదే అనుమానం. ప్రాసెసర్ హద్దు మీరి వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. ఫార్మాట్ కొట్టినా మార్పు లేదన్నారు కాబట్టి విండోస్ మీద అనుమానం ఎలాగూ తగ్గింది. అయినా ఒక చిన్న పరీక్ష చేయండి: ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి (కంపెనీని బట్టి మీట మారుతుంది) బయోస్ తెరలోకి (విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి, ఏమీ కదపకుండా అలా వదిలేయండి. అక్కడ విండోస్ నడవదు. అయినా ఆగిపోయిందంటే లోపం మెషీన్‌లోనో కరెంటులోనో ఉన్నట్టే. చాలా మెషీన్లలో ఆ తెర మీదే ప్రాసెసర్ వేడి ఎంతుందో కనిపిస్తుంది, అది అలా పెరుగుతూ పోతోందేమో చూడండి. ఇంకో సంగతి, మానిటర్, సీపీయూ రెండూ ఒకే యూపీఎస్ మీద ఉండి రెండూ కలిసి ఆరిపోతుంటే అనుమానించాల్సింది యూపీఎస్‌ని. మానిటర్ వెలుగుతూనే ఉండి సీపీయూ ఒక్కటే ఆగుతుంటే వేడి, లేదంటే ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్ లోపల భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా).

యార్డు దగ్గరి దుమ్ము మామూలు దుమ్ము కాదు. మిరప పొట్టు, తొడిమల నలుసులు, గోనె పీచు అన్నీ కలిసి ఫ్యాన్ కింద ఉండే అల్యూమినియం రెక్కల సందుల్లో అట్ట కట్టేస్తాయి. పైన ఫ్యాన్ చక్కగా తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం కిందికి దిగదు. పైనుంచి చూసి ఫ్యాన్ బాగానే ఉందనేవాళ్లు మోసపోయేది ఇక్కడే, ఫ్యాన్ విప్పి రెక్కలు చూడాలి. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, క్యాబినెట్‌ని ఆరుబయటికి తీసుకెళ్లి బ్లోయర్ పట్టించండి. కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి, ఆ దుమ్ము కంట్లో పడితే ఆ పూటకి పని లేదు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోండి. బీప్ శబ్దాలు కూడా వస్తుంటే ర్యామ్ తీసి, బంగారు రంగు అంచుని మెత్తటి రబ్బరుతో తేలిగ్గా తుడిచి, రెండు వైపులా క్లిక్ అనేదాకా నొక్కి పెట్టండి. ప్రాసెసర్ వేడిని పైనున్న రెక్కలకి చేరవేసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే కొత్తది రాయించండి. ఆ తర్వాత క్యాబినెట్‌ని నేల మీద బస్తాల పక్కన పెట్టకుండా బల్ల ఎత్తులో, వెనక జానెడు ఖాళీ ఉండేలా పెట్టండి. మన ఎండాకాలం సంగతి తెలిసిందే కదా, సీజన్ ముందోసారి, మధ్యలోనోసారి శుభ్రం చేయించాల్సిందే. ఇదంతా అయ్యాక కూడా ఆగిపోతుంటే అప్పుడు ఎస్ఎంపీఎస్ మార్చి చూడమనండి. మదర్‌బోర్డు మాట ఆ తర్వాతే.

ప్ర: ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చేస్తాను. ప్రింట్ ఇస్తే రాదు, క్యాన్సిల్ చేస్తే "డిలీటింగ్" అని గంటల తరబడి అలాగే ఉంటుంది. బయట లారీ డ్రైవర్లు రసీదుల కోసం నిలబడి ఉంటారు. చాలా టెన్షన్‌గా ఉంటోంది.
– ఆటోనగర్, విజయవాడ

జ: ప్రింట్ రాకపోతే అందరూ చేసే పని మళ్లీ మళ్లీ ప్రింట్ కొట్టడం. ముందు ఇచ్చిన ఫైలే ఇరుక్కుపోయి ఉన్నప్పుడు మీరు ఇచ్చేవన్నీ దాని వెనకాలే వరస కడతాయి. ఆ వరసను నడిపేదాని పేరు ప్రింట్ స్పూలర్. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ (services.msc) అని టైపు చేసి ఎంటర్ నొక్కండి, తెరుచుకున్న జాబితాలో ప్రింట్ స్పూలర్ మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ నొక్కండి. ఇప్పుడు సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ తెరిచి లోపలి ఫైళ్లన్నీ తీసేయండి. ఫోల్డర్ జోలికి మాత్రం వెళ్లకండి. వెనక్కి వచ్చి స్పూలర్‌ని స్టార్ట్ చేస్తే సరి. పెండింగ్‌లో ఉన్న ప్రింట్లన్నీ పోతాయి కాబట్టి అవసరమైనవి మళ్లీ ఇచ్చుకోవాలి. దీనికి అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే మీ ఓనరుగారితో ఒకసారి కూర్చుని చేయండి, రెండోసారికి చేతికి అలవాటైపోతుంది.

మీది లేజర్ ప్రింటరైతే చిన్న యూపీఎస్‌కి తగిలించకండి. లోపలి హీటర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, యూపీఎస్ కుయ్యోమని పక్కనున్న కంప్యూటర్‌ని కూడా ఆర్పేస్తుంది.

ప్ర: రోజూ ఉదయం కంప్యూటర్‌లో తేదీ పాత సంవత్సరానికి వెళ్లిపోతోంది. బ్యాంకు సైటు, జీఎస్టీ సైటు ఏవీ తెరుచుకోవట్లేదు.
– ఆడిటర్ ఆఫీసు, బ్రాడీపేట

జ: మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, ఎక్కువగా సీఆర్2032 రకం. అది అయిపోయింది, అంతే. గడియారాల షాపులో కూడా దొరుకుతుంది, పెద్ద ఖర్చేమీ కాదు. తేదీ తప్పుగా ఉంటే సైటు భద్రతా పత్రం గడువు సరిపోలక బ్రౌజర్ అడ్డుపడుతుంది. సెల్ మార్చాక తేదీ, టైము సరిచేసుకోండి.

ప్ర: ఇరవై ఏళ్లుగా డీటీపీ చేస్తున్నాం. కొత్త కంప్యూటర్ కొని పాత ఫైళ్లు ఎక్కిస్తే తెలుగంతా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా కనబడుతోంది. ఫైళ్లకి వైరస్ పట్టింది, హార్డ్ డిస్కు ఫార్మాట్ చేసేయమంటున్నారు.
– గవర్నర్‌పేట, విజయవాడ

జ: దయచేసి చేయకండి! మీ ఫైళ్లు క్షేమంగా ఉన్నాయి. మన దగ్గర పెళ్లి కార్డుల దగ్గర్నుంచి పుస్తకాల దాకా ఏళ్ల తరబడి అను ఫాంట్లలోనే కంపోజ్ చేశారు. అవి యూనికోడ్ (ప్రతి భాషలోని అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకటే నంబరు ఇచ్చే పద్ధతి) ఫాంట్లు కావు. ఫైల్లో నిజంగా ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల నంబర్లే, వాటి స్థానంలో తెలుగు ముక్కల బొమ్మలు చూపించేది ఫాంటు. కొత్త మెషీన్‌లో ఆ ఫాంటు లేదు, అందుకే గుర్తులు బయటపడ్డాయి. పాత కంప్యూటర్‌లో వాడిన ఫాంట్లే, మీరు కొన్న ప్యాకేజీ నుంచే, ఇందులో ఎక్కించండి. తెలుగు మళ్లీ కనబడుతుంది.

అక్కడితో ఆగకండి. పాత కంప్యూటర్‌ని పాత సామానుకి వేసే ముందు ముఖ్యమైన పుస్తకాలన్నీ ఫాంట్లతో సహా పీడీఎఫ్ చేసి రెండు చోట్ల దాచండి. ఆ పాఠాన్ని ఫోన్లో పంపాలన్నా, నెట్‌లో వెతికితే దొరకాలన్నా యూనికోడ్‌లోకి మార్చక తప్పదు. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తుల దగ్గర, ముఖ్యంగా క్రావడి (ర వత్తు) దగ్గర తడబడతాయి, కాబట్టి ప్రూఫ్ చదివే మనిషి ఉండి తీరాలి. ఇకమీదట కొత్త పని వీలైనంతవరకు యూనికోడ్‌లోనే మొదలుపెట్టండి. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. మీ దగ్గరున్న ఆ ఫైళ్లలో కొన్ని పుస్తకాలకి బహుశా వేరే ప్రతి ఎక్కడా ఉండకపోవచ్చు. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ప్ర: ఆఫీసు కంప్యూటర్‌లో "మైక్రోసాఫ్ట్" అంటూ తెర నిండా హెచ్చరిక వచ్చి, సైరన్ మోగింది. అందులో ఉన్న నంబర్‌కి చేశాను. ఎనీడెస్క్ (దూరం నుంచే మన కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) వేయించుకుని పది నిమిషాలు ఏదో చూశారు. సార్‌కి చెప్పాలంటే భయంగా ఉంది.
– పేరు వద్దు, గుంటూరు

జ: భయపడకండమ్మా, ఇలా మోసపోయినవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లూ ఉన్నారు. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ అనేదే ఉండదు. నంబర్ కనిపించిందంటే అది దొంగల పనే. ఇది చదివిన వెంటనే సార్‌కి చెప్పండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు పోయే అవకాశం పెరుగుతుంది. ఆ కంప్యూటర్‌కి నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి. బ్యాంకుకి ఫోన్ చేసి ఆన్‌లైన్ లావాదేవీలు ఆపించండి. డబ్బు కదిలినట్టు కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకుండా 1930కి ఫోన్ చేయండి. పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి, అయితే ఆ కంప్యూటర్ నుంచి కాదు, వేరే ఫోన్ నుంచి. మీ ఒక్కరి విషయంలో మాత్రం, ఫైళ్లు విడిగా కాపీ చేసుకుని, ఫార్మాట్ కొట్టించడమే మంచిది. వాళ్లు లోపల ఏం పెట్టి వెళ్లారో ఎవరూ ఖాయంగా చెప్పలేరు.