ఎమ్మెస్సీ నర్సింగ్ చేస్తే కరిక్యులం తయారుచేసే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రి ఐసీయూలో పనిచేస్తోంది. ఇప్పుడు ఎమ్మెస్సీలో 'నర్సింగ్ ఎడ్యుకేషన్' తీసుకుని సిలబస్‌లు, కరిక్యులం తయారుచేసే వైపు వెళ్తానంటోంది. దానికి ఎమ్మెస్సీ ఎందుకు, ఆరు నెలల ఆన్‌లైన్ 'కరిక్యులం డిజైన్' సర్టిఫికెట్ చాలంటున్నారు ఒక సంస్థవాళ్లు. ఫీజు 60 వేలు. మా బావమరిదేమో జర్మనీ పంపించమంటాడు. టీచింగ్ అయితే నైట్ డ్యూటీలు ఉండవు, మంచి సంబంధాలు వస్తాయని మా ఆలోచన. మూడింటిలో ఏది మేలు?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ముందు ఒక దిద్దుబాటు. ఎమ్మెస్సీ నర్సింగ్‌లో 'నర్సింగ్ ఎడ్యుకేషన్' అనే స్పెషాలిటీ లేదు. అది మొదటి ఏడాది అందరూ చదవాల్సిన పేపరు, 150 గంటల థియరీ, 150 గంటల ప్రాక్టికల్. కరిక్యులం తయారీ అందులో ఒక భాగం. స్పెషాలిటీగా ఎంచుకోవాల్సింది మెడికల్ సర్జికల్, ప్రసూతి-గైనకాలజీ, పిల్లల నర్సింగ్, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్... వీటిలో ఒకదాన్ని. రెండేళ్ల ఐసీయూ అనుభవం ఉన్న అమ్మాయికి మెడికల్ సర్జికల్ సహజంగా సరిపోతుంది. అర్హత మార్కులు, ప్రవేశ పరీక్ష సంగతులు మీకంటే ఆమెకే బాగా తెలుసు, వాటి జోలికి వెళ్లను.

మూడింటిలో ఏది మేలని అడిగారు గానీ, మీ ఉత్తరంలో అడుగున ఉన్న భయం వేరు. ఊరి పేరు మారుతుంది తప్ప ఈ ప్రశ్న మాకు వస్తూనే ఉంటుంది: 'మా అమ్మాయి నర్సు' అని చెప్పుకోవడానికి ఇబ్బంది, 'మా అమ్మాయి లెక్చరర్' అంటే బాగుంటుందని. కాస్త కటువుగా చెబుతున్నా, ఏమనుకోకండి. వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని రాత్రంతా కనిపెట్టుకుని ఉండే కూతురి గురించి మీరు మొహమాటపడాల్సిన పని లేదు. పెళ్లిచూపుల కోసం స్పెషాలిటీని, ఉద్యోగాన్ని ఎంచుకుంటే, సంబంధం కుదిరాక ఆ ఉద్యోగంలో ముప్పై ఏళ్లు ఉండాల్సింది ఆమె. పైగా మీరనుకుంటున్నట్టు టీచింగ్ అంటే వార్డుకు దూరం కావడం కాదు. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021–22 నుంచి అమల్లోకి తెచ్చిన బీఎస్సీ కరిక్యులం చూడండి. ఎనిమిది సెమిస్టర్లు, 156 క్రెడిట్లు, 6,180 గంటలు. అందులో తరగతి గది 1,900, ల్యాబ్ 600, మిగతా 3,680 గంటలూ క్లినికల్, అందులో ఎక్కువభాగం వార్డుల్లోనే. ఆఖరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్, వారానికి 48 గంటల చొప్పున 22 వారాలు. పిల్లలు అంతసేపు వార్డులో ఉంటే వాళ్ల ట్యూటర్ ఎక్కడుండాలి?

ఇక 'కరిక్యులం తయారుచేసే ఉద్యోగం' గురించి. ఆ పేరుతో కాలేజీల్లో పోస్టు ఉండదు. ఏ సబ్జెక్టుకు ఎన్ని గంటలో నిర్ణయించేది కౌన్సిల్. పరీక్ష పెట్టేది విజయవాడలో ఎన్టీఆర్, వరంగల్‌లో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు. కాలేజీకి మిగిలేది మాస్టర్ రొటేషన్ ప్లాన్ (ఏ గ్రూపు ఎప్పుడు తరగతిలో, ఎప్పుడు ఏ వార్డులో ఉండాలన్న పట్టిక), కోర్సు ప్లాన్, యూనిట్ ప్లాన్, ఇంటర్నల్స్, చెక్‌లిస్టులు. ఇదేదో చిన్నపని అనుకోకండి. కౌన్సిల్ కాగితం మీద ఎంత చక్కగా రాసినా కరిక్యులం నిలబడేదీ కూలిపోయేదీ ఇక్కడే.

మీ అమ్మాయి రోజూ చూసే సిరంజ్ పంప్‌నే, అంటే మందును కొలత ప్రకారం రోగి ఒంట్లోకి పంపే యంత్రాన్నే ఉదాహరణగా తీసుకుందాం. కొత్తగా చేరిన నర్సులు మందు డోసు లెక్కలో తడబడుతున్నారని ఐసీయూ ఇన్‌ఛార్జ్ చెప్పిందనుకోండి. కరిక్యులం పని అక్కడ మొదలవుతుంది, ఫలానా లోటు ఉంది అన్న ఆధారంతో. తర్వాత లక్ష్యం రాయాలి. 'విద్యార్థిని ఇన్‌ఫ్యూజన్ లెక్కలను అర్థం చేసుకుంటుంది' అని రాస్తే వృథా, అర్థమైందో లేదో కొలిచే దారి లేదు. 'రోగి బరువు, మందు కలిపిన తీరు ఇస్తే గంటకు ఎన్ని ఎం.ఎల్. వెళ్లాలో మూడు నిమిషాల్లో లెక్కగట్టి, మరో నర్సుతో సరిచూపించుకుని, పంప్‌లో సెట్ చేస్తుంది' అని రాస్తే కొలవొచ్చు. రోగి 60 కిలోలు, 50 ఎం.ఎల్.లో రక్తపోటును నిలబెట్టే నార్‌అడ్రినలిన్ మందు 4 మిల్లీగ్రాములు, డోసు కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రామ్. ఒక ఎం.ఎల్.లో 80 మైక్రోగ్రాములు ఉన్నాయి, గంటకు కావలసింది 360, కాబట్టి పంప్ 4.5 దగ్గర పెట్టాలి. దశాంశ చుక్క జారితే 45 అవుతుంది. ఈ పాఠమంతా ఆ చుక్క కోసమే.

చాలామంది ఇక్కడిదాకా బాగానే వస్తారు. గంటల లెక్క దగ్గర బోర్లా పడతారు. ఒక బ్యాచ్‌లో 60 మంది. ఒక్కొక్కరూ ట్యూటర్ కళ్లముందు మూడుసార్లయినా చేయాలి, సారికి పది నిమిషాలు. అంటే 30 గంటలు. స్కిల్ ల్యాబ్‌లో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌కు 40 గంటలు. ఒక్క ప్రొసీజర్‌కే 30 పోతే మిగతావన్నీ ఎక్కడ సర్దుతారు? మూడు పంపులు, ముగ్గురు ట్యూటర్లు ఉంటే అదే పని 10 గంటల్లో తేలిపోతుంది. ఈ గుణకారం చేయని కాలేజీలో ట్యూటర్ ఒకసారి డెమో చూపిస్తుంది, ముందు వరుసలో నలుగురు దాన్ని తిరిగి చేసి చూపిస్తారు, తక్కిన 56 మంది రికార్డులో బొమ్మ గీసుకుంటారు. శిక్షణ కోసం కొన్న ఖరీదైన మనిషి బొమ్మకు (మేనికిన్) ప్లాస్టిక్ కవర్ కూడా తీయరు, పాడైతే ఎవరు సమాధానం చెప్పాలని!

రొటేషన్ ప్లాన్‌లో ఇంకో చిక్కుంది. పదేసి మంది చొప్పున ఆరు గ్రూపులు చేశారు. మొదటి గ్రూపుకు ఐసీయూ పోస్టింగ్ ఆగస్టులో వచ్చింది, షాక్ (రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయే స్థితి) గురించిన పాఠం నవంబర్‌లో ఉంది. ఏ ప్లాన్ వేసినా ఎవరో ఒకరికి పాఠం కంటే ముందే వార్డు వస్తుంది. అందుకని పోస్టింగులు మొదలయ్యేలోపు అందరికీ కలిపి రెండు మూడు రోజులు, ఆ వార్డులో తెలియకపోతే ప్రమాదం అన్న విషయాలు మాత్రమే చెప్పే బ్లాక్ ఒకటి పెట్టుకోవాలి. 12 పడకల ఐసీయూకి అదే వారం ఇంకో కాలేజీ పిల్లలు కూడా వస్తే ఒక్కో రోగి చుట్టూ ఇద్దరు ముగ్గురు చేరతారు, ఎవరి చేతికీ పని దొరకదు. ఆస్పత్రి నర్సింగ్ సూపరింటెండెంట్‌తో కూర్చుని ఆ తేదీలు ముందే మాట్లాడుకోవడం కూడా కరిక్యులం పనే. ఏ సర్టిఫికెట్ కోర్సూ దీన్ని నేర్పదు.

పరీక్షల వైపు వస్తే, ప్రశ్నపత్రానికి బ్లూప్రింట్ ఉండాలి. 60 గంటల కోర్సులో ఒక యూనిట్‌కి 12 గంటలు ఇస్తే, 75 మార్కుల పేపర్లో దానికి 15 మార్కుల దరిదాపుల్లో రావాలి. అందులో బట్టీకి ఎన్ని, ఆలోచనకు ఎన్ని అనేది కూడా ముందే గీసిపెట్టుకోవాలి. లేకపోతే పాత పేపర్లలోంచి ఏరుకొస్తారు, పిల్లలూ పాత పేపర్లే చదువుతారు. ప్రాక్టికల్స్‌కు ఆస్కీ (OSCE) పద్ధతి ఉంది, విద్యార్థి ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేసి చూపిస్తే పరిశీలకులు చెక్‌లిస్టు ప్రకారం మార్కులేస్తారు. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ వైద్య విద్యార్థుల కోసం ప్రవేశపెట్టాడు. పది స్టేషన్లు, ఒక్కోదానికి ఐదు నిమిషాలు, మారడానికి నిమిషం. పదిమందికి గంట, 60 మందికి ఆరు గంటలు, పదిమంది పరిశీలకులు. అంతమంది లేరని నాలుగు స్టేషన్లకు కుదించి దానికే ఆస్కీ అని పేరు పెట్టేస్తుంటారు. చెక్‌లిస్టులో అన్ని అంశాలకూ ఒకే మార్కు ఇవ్వడం మరో పొరపాటు. రోగి ఎవరో సరిచూసుకోకుండా మందు ఇచ్చిన అమ్మాయి మిగతా 19 అంశాలూ బాగా చేసినా పాస్ కాకూడదు.

పెట్టిన పరీక్ష మంచిదో కాదో కూడా పరీక్షించాలి. 60 మందిలో మార్కుల్లో పై 16 మందిని, కింది 16 మందిని తీసుకోండి. ఒక బిట్‌కు పైవాళ్లలో 14 మంది, కిందివాళ్లలో నలుగురు సరిగ్గా రాస్తే తేడా 10, దాన్ని 16తో భాగిస్తే 0.6 పైన. మంచి ప్రశ్న. కిందివాళ్లే ఎక్కువమంది సరిగ్గా రాశారంటే పిల్లల్ని కాదు, జవాబుల కీని అనుమానించాలి.

కోర్సు మూల్యాంకనం పేరుతో మన దగ్గర ఎక్కువగా జరిగేది ఫీడ్‌బ్యాక్ ఫారాలు నింపించడం. 'చాలా బాగుంది' గడిలో టిక్కులు, ఇన్‌స్పెక్షన్ ఫైల్లో భద్రం. అసలు చూడాల్సింది చదువు ముగిసిన ఆరు నెలలకు ఆ నర్సు వార్డులో ఏం చేస్తోందన్నది. పంప్ లెక్క రెండో మనిషితో సరిచూసుకుంటోందా, పని ఒత్తిడిలో వదిలేస్తోందా? విద్యార్థి చేసిన ప్రొసీజర్లు రాసి ట్యూటర్‌తో సంతకం పెట్టించుకునే లాగ్‌బుక్ కూడా మంచి సాక్షి. నాలుగు నెలల పోస్టింగులో నలభై ప్రొసీజర్లు, నలభై సంతకాలు, అన్నీ ఒకే ఇంకుతో ఒకే వాలుతో ఉన్నాయంటే అవన్నీ ఆఖరి రోజు పెట్టినవే.

అవసరం నుంచి పుట్టిన శిక్షణ ఎలా ఉంటుందో మీ అమ్మాయి చూడాలనుకుంటే తెలంగాణ మిడ్‌వైఫరీ కోర్సు ఉంది. రాష్ట్రంలో సిజేరియన్లు 58 శాతం దాకా ఉన్నాయని 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపించింది. సహజ కాన్పులు పెంచేందుకు 2017లో కరీంనగర్‌లో ప్రభుత్వం, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆస్పత్రి వాళ్లు, యూనిసెఫ్ కలిసి స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ (కాన్పుల సంరక్షణ) శిక్షణ మొదలుపెట్టారు. తర్వాతి సర్వేలో శాతం 60.7కి పెరిగింది, కోర్సు విఫలమైందని తేల్చేయొచ్చా? తొందరపడకూడదు. ఆ సర్వే లెక్కించేది అంతకుముందు ఐదేళ్లలో జరిగిన కాన్పులను. తెలంగాణలో దాని పని 2019లో జరిగింది, కాబట్టి అందులో చాలా కాన్పులు ఈ నర్సులు లేబర్ రూములోకి రాకముందువే. ఏ అంకె దేన్ని కొలుస్తోందో విడదీసి చూడగలగడం ఈ రంగంలో అసలు నైపుణ్యం. అది మీ అమ్మాయికి ఇష్టమైతే ఆమె ఎంచుకున్న దారి సరైనదే, ధైర్యంగా ఉండండి.

ఆ 60 వేల సర్టిఫికెట్ మీద మాత్రం నాకు గట్టి అనుమానాలున్నాయి. విద్యా సిద్ధాంతకర్తలు టైలర్ నాలుగు ప్రశ్నలు, టాబా ఏడు మెట్లు, బ్లూమ్ క్రియాపదాలు చెబుతారు. అవన్నీ ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో ఎలాగూ వస్తాయి. బీఎస్సీ ఐదో సెమిస్టర్లో కూడా ఇప్పుడు నర్సింగ్ ఎడ్యుకేషన్ ఉంది. పదోన్నతికి లెక్కలోకి వచ్చేది ఎమ్మెస్సీ, ఆపైన బోధన అనుభవం. 'గ్లోబల్ కరిక్యులం డిజైనర్' అని రాసిచ్చే కాగితాన్ని ఏ ప్రిన్సిపాల్ ఏ గడిలో వేస్తుంది? కోర్సు అమ్మేవాళ్లను ఒక్క మాట అడగండి: మీ దగ్గర చదివినవాళ్లు తయారుచేసిన యూనిట్ ప్లాన్ ఒకటి, దాన్ని అమలుచేశాక వచ్చిన ఫలితం ఒకటి చూపిస్తారా అని. సిమ్యులేషన్, అంటే నిజమైన వార్డును పోలిన పరిస్థితి కల్పించి బొమ్మల మీద చేయించే శిక్షణ వేరే సంగతి. మంచి ల్యాబ్ ఉన్న చోట, చేతులతో చేయించి, తర్వాత కూర్చోబెట్టి ఎక్కడ తప్పిందో మాట్లాడించడం నేర్పితే దానికి డబ్బు పెట్టొచ్చు.

జర్మనీ గురించి రెండు మాటలు చాలు. అక్కడ గుర్తింపుకు రాష్ట్రాన్ని బట్టి బీ1 లేదా బీ2 స్థాయి జర్మన్ కావాలి. ఎమ్మెస్సీ ఉందని పైమెట్టు ఇచ్చేయరు, వార్డులో నర్సుగానే మొదలుపెట్టాలి. వెళ్లాలనుకుంటే ఐసీయూ పనితనం తాజాగా ఉన్న ఇప్పుడే తేలిక. టీచింగ్‌లో ఐదేళ్లు గడిపాక మళ్లీ వార్డు అలవాటు కావడం కష్టం. కానీ జర్మనీ అన్నది మీ బావమరిది, అమ్మాయి కాదు కదా!

జీతం సంగతి దాచను. చాలా ప్రైవేటు కాలేజీల్లో కొత్త ట్యూటర్ జీతం పెద్దాస్పత్రి ఐసీయూ నర్సు జీతం కంటే తక్కువే. మొదటి కొన్నేళ్లు అది మింగుడుపడదు. ఇంకా ఘోరం, పేరు మాత్రం రిజిస్టర్‌లో రాయించుకుని ఇన్‌స్పెక్షన్ రోజు రమ్మనే బేరాలు. వాటికి ఒప్పుకుంటే అనుభవం కాగితం మీదే ఉంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచవద్దని అమ్మాయికి చెప్పండి.

నేనైతే ఇలా చేయమంటాను. ఐసీయూలో ఇంకో ఏడాది ఉండి, కొత్తగా చేరేవాళ్లకు నేర్పే ప్రిసెప్టర్ పని అడిగి తీసుకోమనండి. తనకు నేర్పడం నచ్చుతుందో, నైట్ డ్యూటీ తప్పడం మాత్రమే నచ్చుతుందో అక్కడే తేలిపోతుంది. తర్వాత ఎమ్మెస్సీ, సొంత ఆస్పత్రి ఉన్న కాలేజీలో. సీటు తీసుకునే ముందు మీరిద్దరూ వెళ్లండి. భవనం, బస్సు, ఏసీ తరగతి గదులు చూసి మురిసిపోయి రావద్దు. ఈ సెమిస్టర్ క్లినికల్ రొటేషన్ ప్లాన్ గోడ మీద ఉందా, అందులో ఈ రోజు ఐసీయూలో ఉండాల్సిన గ్రూపు నిజంగా అక్కడ ఉందా, వాళ్లతో ట్యూటర్ ఉందా చూడండి. తర్వాత మూడో ఏడాది పిల్లల్లో ఒకరిని లాగ్‌బుక్ చూపించమనండి. సంతకాలన్నీ ఒకే ఇంకుతో కనిపిస్తే టీ తాగి వచ్చేయండి, ఫీజు మాట ఎత్తొద్దు.