అమ్మాయి అనలాగ్ డిజైన్ అంటోంది, వద్దనాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. తక్కువ వోల్టేజీలో పనిచేసే శాంప్లింగ్ సర్క్యూట్‌ను (మారుతున్న సిగ్నల్ విలువను ఒక్క క్షణంలో పట్టి ఉంచేది) ప్రాజెక్టుగా తీసుకుని నెల రోజులుగా అక్కడే ఆగిపోయింది. తోటివాళ్లంతా వెరిఫికేషన్ (చిప్ డిజైన్‌ను తయారీకి ముందే పరీక్షించడం) కోర్సుల్లో చేరిపోయారు. తనేమో అనలాగే (ఎడతెగకుండా మారే వోల్టేజీలతో పనిచేసే సర్క్యూట్ల డిజైన్) చేస్తానంటోంది. రెంటిలో దేనికి స్కోప్ ఎక్కువ? – ఒక తండ్రి

జవాబు: మీరడిగింది స్కోప్ గురించే అయినా, అందరి పిల్లలకూ ఉద్యోగాలొచ్చి మీ అమ్మాయి ఒక్కతే మిగిలిపోతుందేమోనన్నది మీ అసలు భయం. ఏటా ఇదే ప్రశ్న వస్తుంది, కోర్సుల పేర్లే మారుతుంటాయి. నేరుగా ఆ నెల రోజుల దగ్గరికి వద్దాం.

ఎక్కడ ఆగిందో అమ్మాయిని అడిగారా? పైకి చూస్తే ఆ సర్క్యూట్‌లో ఉండేది ఒక స్విచ్, ఒక కెపాసిటర్. సప్లై 5 వోల్టులైతే పెద్దగా ఇబ్బంది ఉండదు. 0.8 వోల్టుకు దించి చూడండి. స్విచ్‌లో ఉండే ఎన్‌మాస్, పీమాస్ ట్రాన్సిస్టర్లు రెంటికీ త్రెషోల్డ్ (ఆన్ కావడానికి కావాల్సిన కనీస వోల్టేజీ) 0.45 అనుకుంటే, ఇన్‌పుట్ 0.35 దాటగానే ఎన్‌మాస్ చేతులెత్తేస్తుంది, 0.45 లోపు పీమాస్ ఆన్ కాదు. మధ్యలో 0.1 వోల్టు మేర రెండూ ఆఫే, సిగ్నల్ తిరిగేదేమో సరిగ్గా ఆ నడిమి భాగంలోనే.

దీనికి మందు బూట్‌స్ట్రాప్ స్విచ్. ఇంకో కెపాసిటర్‌ను సప్లై వరకు చార్జ్ చేసి, శాంపిల్ తీసుకునేటప్పుడు ట్రాన్సిస్టర్‌ను ఆన్ చేసే గేటుకూ, ఇన్‌పుట్ వచ్చే సోర్సుకూ మధ్య తగిలిస్తారు. ఇన్‌పుట్ ఎంతున్నా గేట్-సోర్స్ వోల్టేజీ మారకూడదు. కానీ గేట్ దగ్గరి పారాసిటిక్ (మనం పెట్టకుండానే ఏర్పడే కెపాసిటెన్స్) అందులో వాటా లాగేస్తుంది. బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ 400 ఫెమ్టోఫారడ్లు, పారాసిటిక్ 100 అయితే 0.8లో చేతికొచ్చేది 0.64. పైగా గేట్ సప్లైని దాటి పైకెళ్తుంది కాబట్టి, ఏ ట్రాన్సిస్టర్ ఆక్సైడ్ (గేటు కింది పల్చటి పొర) మీదా సప్లైకి మించి పడకుండా ఒక్కొక్కటీ చూసుకోవాలి.

కెపాసిటర్ దగ్గర ఇంకో తంటా. గది ఉష్ణోగ్రతలో 1 పికోఫారడ్ మీద థర్మల్ నాయిజ్ (వేడి వల్ల వచ్చే వోల్టేజీ వణుకు) సుమారు 64 మైక్రోవోల్టులు, అందులో పదో వంతైన 100 ఫెమ్టోఫారడ్లకు దిగితే 203. 1 వోల్టు రేంజిలో 12 బిట్లంటే ఒక మెట్టు 244 మైక్రోవోల్టులు, విలువను దగ్గరి మెట్టుకు సర్దడంలో వచ్చే క్వాంటైజేషన్ నాయిజ్ 70. సిగ్నల్ సగానికి తగ్గితే సిగ్నల్‌కూ నాయిజ్‌కూ మధ్య పాత నిష్పత్తి కోసం కెపాసిటర్ 4 రెట్లు కావాలి. అది పెరిగితే స్విచ్ పెంచాలి, స్విచ్ పెంచితే ఆఫ్ అయ్యేటప్పుడు అది వదిలే చార్జ్ పెరుగుతుంది. ఈ చక్రంలో నెల తిరిగిందంటే మీ అమ్మాయి ఖాళీగా కూర్చుందని కాదండీ. అనలాగ్ డిజైనర్‌కు జీతమిచ్చేదే ఆ తిరుగుడుకు. మీ ప్రశ్నలో తోటివాళ్లు ఏం చేస్తున్నారో ఉంది, మీ అమ్మాయి గ్రాఫ్ ఎక్కడ తేడా కొడుతోందో ఒక్క ముక్క లేదు. "ఇంకా అవ్వలేదా" అని రోజూ అడగడం మానేయండి, దయచేసి.

వెరిఫికేషన్ పని మీద నాకు చిన్నచూపు లేదు, అది లేకుండా చిప్ బయటికి రాదు. నా అనుమానమంతా ఆర్నెల్ల కోర్సుల మీదే. సిస్టమ్ వెరిలాగ్ భాష వ్యాకరణం, యూవీఎం (దాని మీద కట్టిన వెరిఫికేషన్ పద్ధతి) క్లాసుల పేర్లు, చివర్లో ఒక ఫిఫో (ముందొచ్చిన డేటాను ముందు పంపే క్యూ) టెస్ట్‌బెంచ్ (డిజైన్‌ను పరీక్షించే కోడ్). బ్యాచ్ మొత్తం రెజ్యూమెల్లోనూ అదే ఫిఫో! "నిండిపోయిన ఫిఫోలో ఒకే క్లాక్‌కు చదవడం, రాయడం రెండూ వస్తే ఏం జరగాలి? నీ టెస్ట్‌బెంచ్ దాన్నెలా పట్టుకుంటుంది?" అని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. అచ్చుగుద్దినట్టుండే ఆ టెస్ట్‌బెంచ్ కోడ్‌ను ఇప్పుడు ఏఐ టూల్స్ కూడా రాసిపెడుతున్నాయి. ఫీజు కట్టేముందు ఈ సంగతి ఆలోచించండి.

పోలిక అడిగారు కాబట్టి: వెరిఫికేషన్‌లో ఖాళీలు ఎక్కువ, ఇంజినీరింగ్ డిగ్రీతోనే లోపలికి వెళ్లొచ్చు. అనలాగ్ డిజైన్‌లో ఖాళీలు తక్కువ, చాలాచోట్ల పీజీ అడుగుతారు. అయినా దారి మూసుకుపోదు. అనలాగ్ లేఅవుట్, చిప్ టెస్టింగ్, మిక్స్‌డ్ సిగ్నల్ వెరిఫికేషన్ అన్నీ ఇదే చదువుతో అందేవే. ఈ చివరిదానికి అనలాగ్, డిజిటల్ రెండు వైపులా తెలిసినవాళ్లు కావాలి, అలాంటివాళ్లు దొరకడమే కష్టం.

అమ్మాయికి రెండు మాటలు చెప్పండి. ఎన్‌జీస్పైస్ సిమ్యులేటర్, స్కై130 చిప్ టెక్నాలజీ ట్రాన్సిస్టర్ మోడల్స్ ఉచితమే. సప్లైని 1.8 నుంచి దించుకుంటూ, ఇన్‌పుట్‌కు ఎదురుగా స్విచ్ రెసిస్టెన్స్ గీస్తే మధ్యలో లేచే గుట్ట కనిపిస్తుంది. చేత్తో కట్టి చూడాలంటే 74హెచ్‌సీ4066 స్విచ్, 1 నానోఫారడ్ పాలీప్రొపిలీన్ కెపాసిటర్, బఫర్‌గా (కెపాసిటర్ చార్జ్ లాగకుండా దాని వోల్టేజీని బయటికి అందించేది) ఎంసీపీ6002 ఆప్‌ఆంప్ చాలు. వాడని స్విచ్‌ల కంట్రోల్ పిన్‌లను గ్రౌండ్‌కు కలపాలి. ఆసిలోస్కోప్ ప్రోబ్‌ను కెపాసిటర్ మీద నేరుగా పెట్టకూడదు. 1 మెగా ఓమ్ ప్రోబ్‌తో 25 మైక్రోసెకన్ల హోల్డ్‌లోనే 2.5 శాతం జారిపోతుంది, తప్పు సర్క్యూట్‌దే అనిపిస్తుంది. బఫర్ అవుట్‌పుట్ దగ్గరే చూడాలి.

సిమ్యులేషన్‌లో డిస్టార్షన్ (సిగ్నల్ ఆకారం చెడడం) సిగ్నల్ కంటే 60 డీబీ కిందే ఆగి, స్విచ్ ఎంత మార్చినా కదలకపోతే ముందు రెల్‌టోల్ (సిమ్యులేటర్ తన లెక్కలో అనుమతించే తప్పు) చూడమనండి. ఎన్‌జీస్పైస్‌లో అది మామూలుగా 0.001 ఉంటుంది, 0.000001కి దించాలి. 1024 శాంపిల్స్‌లో ఇన్‌పుట్ సరిగ్గా 127 చక్రాలు తిరిగేలా ఫ్రీక్వెన్సీ ఎంచుకుని ఎఫ్ఎఫ్‌టీ (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూపే లెక్క) మళ్లీ తీయాలి. ఆ నెలలో సగం రోజులు లేని తప్పును వెతకడానికే పోయి ఉండొచ్చు.