కొరమీను నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోవడం నిజమే

"బురదలో నెలల తరబడి బతికే కొరమీను ఎయిర్ పంపు పెట్టిన తొట్టిలో రాత్రికి రాత్రే ఎలా చచ్చిపోయింది?" అని అడిగారు కదా. జవాబు మీరు రాసినదాంట్లోనే ఉంది: దూకకుండా తొట్టిని అంచుదాకా నింపి పైన గాజుపలక బిగించారు. ప్రాణం తీసింది అదే.

పెద్ద కొరమీనుకు మొప్పలొక్కటే చాలవు. వాటికి కాస్త పైన, తలలో రెండు వైపులా చిన్న గదులుంటాయి, గోడల నిండా సన్నని రక్తనాళాలు. పైకొచ్చి గుటుక్కున మింగిన గాలి అక్కడికే చేరుతుంది. కాసేపు గమనించండి: మూతి నీటి పైకి ఆనించి, ఓ బుడగ వదిలి, మళ్లీ కిందికి జారుకుంటుంది. ఆ దారి మూసేస్తే పంపు ఎంత కొట్టినా లాభం లేదు.

చెరువు ఎండినప్పుడు బురదలో దూరి బతకగలిగేదీ ఈ గదుల పుణ్యమే. ఒంటి మీది జిగురు తడి ఆరనివ్వదు. కదలిక తగ్గించి, ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ వాన కోసం ఆగుతుంది. అదీ బురద లోపల తడి ఉన్నంతవరకే లెండి.

ఈసారి నీటికీ మూతకీ మధ్య జానెడు ఖాళీ వదలండి. గాజు బదులు బరువైన చట్రానికి బిగించిన వల వేయండి. దూకుతుందన్న మీ భయం మాత్రం తప్పు కాదు, కాస్త సందు దొరికితే చాలు, బయటపడుతుంది.