చంపేవాళ్ళు కాపాడటం ఏంటని అడిగారు కదా, నేను చూసింది చెప్తాను

"అమెరికాలో హంటింగ్ క్లబ్బులు సమాజసేవ, వన్యప్రాణి సంరక్షణ చేస్తామని బోర్డులు పెట్టుకుంటాయి. జంతువుల్ని చంపేవాళ్ళు జంతువుల్ని కాపాడటమేంటి? ఇదంతా మంచి పేరు కోసమే కదా?" అని మీ ప్రశ్న.

పేరు కోసం కాదు. కొంత కడుపు కోసం, కొంత సరదా కోసం, ఎక్కువభాగం అలవాటు కొద్దీ చేస్తారు. కానీ చేస్తారు, అదే నాకు ముఖ్యం. నేను విస్కాన్సిన్‌లో ఒక చిన్న ఊళ్ళో ఉంటాను. మా కౌంటీ క్లబ్బులో చందా కట్టిన మెంబర్ని, ఇంతవరకు దేన్నీ కాల్చలేదు, కాల్చాలని కూడా లేదు. పక్కింటి పెద్దాయన శుక్రవారం క్లబ్బులో పెట్టే ఫిష్ ఫ్రై (వేపిన చేపల విందు)కి తీసుకెళ్ళాడు, చేపలు బావున్నాయి, చేరిపోయాను. ఈ సంగతి తెలిసి మా అన్న కొడుకు కర్నూలు నుంచి ఫోన్ చేసి "బాబాయ్, నువ్వు వేటగాళ్ళతో తిరుగుతున్నావంట, నాన్న బాధపడుతున్నాడు" అన్నాడు. మా అన్న ప్రతి ఆదివారం నాటుకోడి కోయిస్తాడు, అది వేరే సంగతి.

పేపర్లో రాసే లెక్కల కన్నా మీకు ఒక్క రోజు సంగతి చెప్తే సరిపోతుంది. ఫిబ్రవరిలో ఇక్కడ చిత్తడి నేలంతా గడ్డకడుతుంది. మామూలు రోజుల్లో నడుములోతు బురద, జమ్ము, దోమలు, మనిషి అడుగు పెట్టలేడు. మంచు నాలుగు అంగుళాలు దాటితే మాత్రం నడుచుకుంటూ మధ్యకి వెళ్ళిపోవచ్చు. వుడ్ డక్ అనే రంగురంగుల బాతు కోసం క్లబ్బు వాళ్ళు స్తంభాలకి బిగించిన చెక్కపెట్టెల్ని అప్పుడే శుభ్రం చేస్తారు. ఈ బాతు నేలమీద గుడ్లు పెట్టదు, పాత చెట్ల తొర్రల్లో పెడుతుంది. చెట్లు కొట్టేశాక తొర్రలెక్కడివి? అందుకే పెట్టెలు.

పెద్దాయన స్లెడ్ మీద నిచ్చెన, చిత్రిక పొట్టు బస్తా, ఒక స్క్రూడ్రైవర్ వేసుకుని ముందు లాక్కెళ్తుంటే, నేను ముక్కు మొద్దుబారిపోయి వెనక నడిచాను. మొదటి పెట్టె పక్కపలక విప్పి లోపల చెయ్యి పెట్టి పిడికెడు నూగు, గుడ్ల పెంకులు బయటికి తీశాడు. పెంకు లోపలి పొర తోలులా విడిగా ఊడొస్తే పిల్ల బయటికొచ్చినట్టంట. పగలకుండా మిగిలినవి మురిగిన గుడ్లు. వాటిలో రెండు గుండ్రంగా, తెల్లగా, మందంగా ఉంటే అవి హుడెడ్ మెర్గాన్సర్ అనే ఇంకో బాతువని, అది దీని గూట్లో గుడ్లు పెట్టి పోతుందని చెప్పాడు. ఆయన మనవడు, పన్నెండేళ్ళ పిల్లాడు, గ్లవ్స్ తీసి నోట్‌బుక్కులో ఎన్ని పొరలు, ఎన్ని మురిగినవి అని రాసుకుంటున్నాడు, వేళ్ళు ఎర్రగా కందిపోయినా ఒక్క మాట అనలేదు. మా పిల్లలైతే కార్లోనుంచి దిగేవాళ్ళు కాదు.

పెట్టె కింద స్తంభానికి రేకు గరాటు ఉంటుంది, రకూన్ అనే గుడ్లు దోచుకుతినే జంతువు ఎక్కకుండా. కన్నం నాలుగంగుళాల వెడల్పు, మూడంగుళాల ఎత్తు, కోలగా ఉండాలి, ఇంకొంచెం పెద్దదైతే రకూన్ చెయ్యి పెట్టడం కాదు, ఏకంగా దూరిపోతుంది. లోపల కన్నం కిందుగా ఇనుప జల్లెడ కొడతారు. పుట్టిన మర్నాడే పిల్లలు దాన్ని పట్టుకుని పైకెక్కి, కింద తల్లి పిలుస్తుంటే ఒక్కొక్కటే నీళ్ళలోకి దూకుతాయంట. ఒక పెట్టెలో మూత తియ్యగానే చిన్న గుడ్లగూబ మమ్మల్ని కొరకొరా చూసింది. పెద్దాయన దానికి సారీ చెప్పి మళ్ళీ బిగించేశాడు, పొట్టు మార్చలేదు, ఆ పెట్టె ఆ ఏడాదికి దానిదే.

నేనూ మీలాగే అడిగాను. "ఇంత కష్టపడి పెంచి, సెప్టెంబరులో సీజన్ మొదలవగానే మీరే కాలుస్తారు కదా?" అని. "కాలుస్తా. రోజుకి మూడు, అంతకంటే ఒప్పుకోరు. ఆ స్క్రూడ్రైవర్ ఇటివ్వు" అన్నాడు. చర్చ అయిపోయింది.

ఆయన చెప్పనిది నేను చెప్తాను. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ బాతు దాదాపు అంతరించిపోయే స్థితికి వచ్చింది, అడ్డూ అదుపూ లేని వేటే ఒక పెద్ద కారణం, అది దాచక్కర్లేదు. 1918 చట్టంతో వేట ఆపేశారు, 1941లో గానీ మళ్ళీ తెరవలేదు. దానికి పెట్టెలు కొట్టినవాళ్ళలో ఇలాంటి క్లబ్బులూ ఉన్నాయి. అడవి టర్కీ కోడి కూడా అంతే, విస్కాన్సిన్‌లో 1881 తర్వాత ఒక్కటీ లేదు. 1976లో మిజోరీ వాళ్ళకి ఇక్కడి గ్రౌస్ పక్షులిచ్చి బదులుగా టర్కీలు తెచ్చుకుని వెర్నన్ కౌంటీలో వదిలారు. ఇప్పుడు నా కారుకి అడ్డంగా నిలబడి హారన్ కొట్టినా కదలవు.

డబ్బు సంగతి కూడా చూడండి. బాతుల్ని వేటాడే పదహారేళ్ళు దాటిన ప్రతివాడూ ఏటా కేంద్ర ప్రభుత్వం అమ్మే ఫెడరల్ డక్ స్టాంపు కొనాలి, 25 డాలర్లు, అందులో ప్రతి డాలరుకి 98 సెంట్లు చిత్తడి నేలల కొనుగోలుకి, పరిరక్షణకే పోతుంది. 1934 నుంచీ ఇదే పద్ధతి. 1937 చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద 10, 11 శాతం పన్ను నేరుగా వన్యప్రాణుల నిధికి వెళ్తుంది. ఆ తుపాకులు కొనేవాళ్ళలో చాలామంది ఇప్పుడు వేటకి పోనే పోరు, కాబట్టి వేటగాళ్ళు మరీ అంత కాలరెగరేయక్కర్లేదు, ఈ మాట నేను మీటింగులో అంటే ఎవరికీ నచ్చలేదు. అన్నట్టు, స్టాంపు ఎవరైనా కొనొచ్చు. ఇక్కడి హోరికాన్ మార్ష్ అనే పెద్ద చిత్తడి నేలకి గూస్ పక్షుల గుంపుని వీడియో తియ్యడానికి వచ్చే మనవాళ్ళలో స్టాంపు కొన్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. "సేవ్ టైగర్" టీషర్టు మాత్రం చూశాను, అదే మనిషి పిక్నిక్ అయ్యాక పులిహోర ప్లేట్లు బెంచీ కింద వదిలేసి పోతే ఏరింది నేను.

సేవ అన్నారు కాబట్టి అదీ చెప్తాను. నవంబరులో జింకల సీజన్ అప్పుడు, తమకి అక్కర్లేని జింకని పేగులు తీసి మాంసం కొట్టువాడికి అప్పగిస్తే వాడు కైమా చేసి, లేనివాళ్ళకి ఉచితంగా తిండి సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీకి పంపుతాడు, ఇచ్చినవాడికి పైసా ఖర్చుండదు. 2000 నుంచి నడుస్తోంది. క్లబ్బు వాళ్ళు పిల్లలకి తుపాకి భద్రత క్లాసులు చెప్తారు, రోడ్డు పక్క చెత్త ఏరతారు. ఇవన్నీ మామూలువే.

అయితే వీళ్ళు దేవుళ్ళేం కాదు. జింకలకి సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు ఇక్కడ 2002లో బయటపడింది. తల టెస్టుకి ఇవ్వండ్రా అంటే సగంమంది విసుక్కుంటారు. 2021 ఫిబ్రవరిలో తోడేళ్ళ వేట తెరిచినప్పుడైతే నాకు మతిపోయింది. లైసెన్సు వేటగాళ్ళకి కోటా 119, మూడు రోజులు కూడా నిండకముందే 218 చంపేశారు. ఇక్కడి ఆదివాసులైన ఒజిబ్వే తెగలవాళ్ళు తమ వాటా తోడేళ్ళని చంపొద్దనే వదిలేస్తే, అవీ పోయాయి. ఆ వారం క్లబ్బులో సంబరాలు చేసుకున్నారు, నేను ఫిష్ ఫ్రై తినకుండా లేచి వచ్చేశాను. కొన్నాళ్ళు పెద్దాయనతో మాటల్లేవు కూడా.

అయినా నేను మానలేదు, ఎందుకంటే నాది నందికొట్కూరు వైపు. మాకు దగ్గర్లోనే రోళ్ళపాడు, గడ్డి బీళ్ళలో బతికే బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. మన దేశంలో 1972 చట్టం నుంచీ ఆ పిట్టని వేటాడటం నేరం. నాకు తెలిసి మా వైపు దాని మీద ఎవడూ తుపాకీ ఎత్తలేదు. అయినా అది ఇప్పుడు కనపడదు. సాగునీళ్ళొచ్చాయి, గడ్డి బీళ్ళు చేలయ్యాయి, మేసుకోడానికి, గుడ్డు పెట్టుకోడానికి చోటు లేకుండా పోయింది. రైతుని తప్పుపట్టలేను, వాడి బుడ్డల (వేరుశనగ) చేను కృష్ణజింకలు మేసిపోతుంటే పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయాడు, పిట్ట మీద ప్రేమ ఎక్కణ్ణుంచి వస్తుంది? అదే ఊరివాళ్ళకి ఆ బీడు మీద ఏదో ఒక ఆశ, ఒక ఆదాయం, ఆదివారం పూట ఒక పని ఉండుంటే కథ వేరేగా ఉండేదని నా గట్టి నమ్మకం. దానికి వేటే ఉండాలని నేననను. కానీ పిట్టని చూసి ముచ్చటపడేవాళ్ళు పిట్టకి చెయ్యలేని పనిని, దాన్ని వండుకుతినేవాళ్ళు చేస్తుండటం నా కళ్ళతో చూస్తున్నా.

మీరు ఈ చుట్టుపక్కలే ఉంటే పెట్టెల పనికి రండి. లైసెన్సు, తుపాకి, క్లాసు ఏవీ అక్కర్లేదు, మోకాళ్ళ దాకా బూట్లు, రెండు జతల గ్లవ్స్ చాలు. ఫిష్ ఫ్రైకి కూడా రావాలనుకుంటే శుక్రవారం ఐదున్నర లోపే రండి, ఆరు దాటితే కాడ్ చేప అయిపోయి బంగాళాదుంప ముక్కలే మిగులుతాయి.