వానాకాలంలో చెక్క విల్లు బాణాలు ఎడమకు పోతుంటే

మీ బాణాల్లో లోపం లేదండీ, విల్లు చెమ్మ పట్టి మెత్తబడి ఉంటుంది. వేసవిలో సూటిగా వెళ్లి ఇప్పుడు ఎడమకు పోతున్నాయన్నారు, ఈ విల్లుతోనే టెక్సస్‌లో మీ బావగారింట వేటకి వెళ్తానన్నారు. అమలాపురంలో ఆగస్టు గాలికి చెక్క అంతే. లాగే బరువు, అంటే నారి లాగడానికి పట్టే బలం, తగ్గితే అవే బాణాలు దానికి బిరుసైపోతాయి (వంగాల్సినంత వంగవు), కుడిచేత్తో లాగేవాళ్లకి ఎడమకు పోతాయి.

1. అందరూ వదిలేసేది ఇదే: విల్లుని తూచండి. చేపలు తూచే కొక్కెం కాటాకి నారి తగిలించి, మీరు మామూలుగా ఎంత లాగుతారో అంతే లాగి చూడండి. విల్లు మీద రాసిన బరువు 28 అంగుళాల లాగుడుకి, మీరు 26 లాగితే అది మీ లెక్క కాదు.

2. బరువు తగ్గితే నారి విప్పి, ఫ్యాను తిరిగే గదిలో పడుకోబెట్టి ఆరనివ్వండి. ఎండలో వద్దు, పొయ్యి దగ్గర అసలే వద్దు, మరీ ఎండితే లాగినప్పుడు విరుగుతుంది.

3. ఈలోపు బాణాన్ని కోసి పొట్టి చేయకండి! కోస్తే ఇంకా బిరుసవుతుంది. ముందు బరువైన ములికి (బాణం మొన) వేసి వరిగడ్డి మోపు మీద కొట్టి చూడండి, మొన బరువైతే బాణం ఇంకాస్త వంగుతుంది.

టెక్సస్‌లో మీ బావగారింటికి చేరాక మళ్లీ తూచి, వేట ములికితోనే సరిచూసుకోండి, అక్కడి గాలి పొడిగా ఉంటే విల్లు బిగుస్తుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి అక్కడ వేట శిక్షణ తప్పనిసరి, ముందే చూసుకోండి. ఇక్కడ మాత్రం గడ్డిమోపే, జింక జోలికెళ్తే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు.